ఆగొద్దన్నాడని చెప్పాను

ఫోను మోగినప్పుడల్లా నా చేతిలో పని చేతిలోనే ఆగిపోతుంది. నా ఫోనే కానక్కరలేదు. బస్సులో పక్క సీటు ఆవిడదైనా సరే, పూలు తూకం వేసేవాడిదైనా సరే. అది మోగి ఆగేదాకా నాకు ఊపిరి ఆడదు. మా ఆయన దీన్ని బీపీ అనుకుని హోసూరులో డాక్టరుకు చూపించాడు. బీపీ లేదమ్మా, ఎందుకైనా మంచిది ఉప్పు తగ్గించమన్నాడాయన. తగ్గించాను. ఉప్పు తగ్గిస్తే పోయే జబ్బా ఇది?

ఇన్నేళ్ళూ ఇది మోశాను. వంట చేస్తూ మోశాను, పూలు కోస్తూ మోశాను, దేవుడి ముందు నిలబడి కళ్ళు మూసుకుని కూడా మోశాను. మీరెవరో నాకు తెలియదు. నా ముఖం మీకు తెలియదు. అది మంచిదే. కాకపోతే ఒక్క మాట ముందే చెప్పుకుంటాను. చదివి, "పోనీలే పాపం, ఆడమనిషి, ఏదో తెలియక చేసింది" అనుకోకండి. తెలిసే చేశాను. తెలిసి చేసిన పనికి తెలియనితనం ముసుగు వేసుకుని ఇన్నాళ్ళు తిరిగాను. ఆ ముసుగు తీసేయడానికే ఇది రాస్తున్నాను.

మాది హోసూరు పక్క తళి దగ్గర పల్లె. ఒకప్పుడు రాగులు, అలసందలు పండిన ఎర్రనేలలో ఇప్పుడు ప్లాస్టిక్ షీటు కప్పిన పాలీహౌసులు. వాటిలో గులాబీలు. నేను కాపరానికి వచ్చిన కొన్నాళ్ళకే గులాబీలు వచ్చాయి. అప్పటి నుంచి తెల్లారకముందే కోయడం, ఆకు దులపడం, కట్టలు కట్టడం, పెట్టెలకెత్తడం. పండగ లేదు, పబ్బం లేదు. ఫిబ్రవరి వస్తే మరీను. ఎక్కడెక్కడి వాళ్ళ ప్రేమకో నా వేళ్ళలో ముళ్ళు.

మా తోట పక్కదే నారాయణప్ప తోట. మా ఇద్దరి పాలీహౌసులకు మధ్య కంచెలో ఒక సందు ఉండేది. మజ్జిగ చెంబు పట్టుకుని నేను అటు, చిక్కుడుకాయలు ఒళ్ళో వేసుకుని ఆయన భార్య ఇటు. చుట్టరికం ఏమీ లేదు మాకు. అయినా ఆయన్ను అన్నా అంటాను. ఆయన కూడా ఊరికే పిలిపించుకోలేదు. నా కూతురు పెద్దమనిషైనప్పుడు మా పుట్టింటివాళ్ళ కంటే ముందు చీర తెచ్చింది ఆయనే. "నాకు చెల్లెండ్లు ఇద్దరు. ఒకతి ఉద్దనపల్లిలో ఉండాది, ఒకతి కంచె అవతల ఉండాది" అని నవ్వేవాడు. ఈ మాట గుర్తు పెట్టుకోండి. నేను మాత్రం మరిచిపోయాను, మరిచిపోకూడని రోజున.

ఉద్దనపల్లి చెల్లెలి పేరు గౌరమ్మ. ఆమెకు ఒక కొడుకు మంజు, ఒక కూతురు పవిత్ర. నారాయణప్పకు ఆ చెల్లెలంటే ప్రాణం. తోటలో తొలికాపు ఏది వచ్చినా సంచిలో వేసుకుని బస్సెక్కేవాడు. "కారు పెట్టుకుని పోవచ్చు కదన్నా" అంటే, "కారులో పోతే అది నన్ను చుట్టమనుకుంటుంది, బస్సులో పోతేనే అన్న" అనేవాడు.

ఒక ఏడాది ఫిబ్రవరి సీజను అయిపోయాక, షీట్లూ మందులూ అమ్మే ఏజెంటు గులాబీ రైతులకు టూరు వేశాడు. ఆఫ్రికాలో జాంబియా అనే దేశం. అక్కడి గులాబీ తోటలు చూసి, ఆఖరి రోజు విక్టోరియా జలపాతం చూసి రావడం. ఏజెంటు ఆ జలపాతం వీడియో చూపించాడు. నేల రెండుగా చీలి, ఏరు ఏరంతా అందులోకి దూకుతోంది. కింద నుంచి నీళ్ళు పొగలా పైకి లేస్తున్నాయి. నేను చిన్నప్పుడు మా నాయన భుజం మీద కూర్చుని హొగేనకల్ జలపాతం చూశాను. అంతే, ఆ తర్వాత నీళ్ళంటే డ్రిప్పు పైపులో నీళ్ళే. ఆ వీడియో నా ఫోనులోకి వేయించుకుని ఎన్నిసార్లు చూశానో. గిన్నెలు తోముతూ కూడా చూశాను.

మా ఆయన పంపనన్నాడు. "ఆడదానికి ఆఫ్రికా ఎందుకు" అన్నాడు. అప్పుడు టూరుకు పేరిచ్చిన నారాయణప్ప కంచె సందులోంచి వచ్చి మా వసారాలో కూర్చుని, "రానీ అప్పా. ఆయమ్మ చెయ్యి ఎప్పుడన్నా తిప్పి చూసినావా నువ్వు? ఆ కొన్ని దినాలూ పూలు నువ్వు కొయ్యి, తెలుస్తుంది" అన్నాడు. మా ఆయన నా చేతుల వంక చూశాడు. సరేనన్నాడు. అంటే నన్ను ఆ నీళ్ళ దగ్గరికి పంపింది నారాయణప్పే.

నారాయణప్పది బటన్ల ఫోను, పరదేశంలో పనిచేయదు. బెంగుళూరులో ఉద్యోగం చేసే నా కూతురు నా ఫోనులో అక్కడ పనిచేసే సిమ్ము వేయించింది. బయలుదేరే ముందు నారాయణప్ప చెల్లెలి ఇంటికి నా నంబరు ఇచ్చాడు. "ఏమన్నా ఉంటే ఈయమ్మకు చెయ్యండి. ఆయమ్మ చెవిన పడితే నా చెవిన పడినట్టే" అన్నాడు. మా వసారాలో కూర్చుని ఫోనులో, మా ముందే అన్నాడు.

ఇక్కడ మా వైపు ఆచారం ఒకటి చెప్పాలి. ఆడమనిషి పోతే పుట్టింటి కోక రావాలి. ఎంత బిడ్డలున్నా, ఎంత ఆస్తి ఉన్నా, అన్న గానీ తమ్ముడు గానీ కోక తెచ్చి మీద కప్పనిదే శవాన్ని ఎత్తరు. ముత్తైదువగా పోతే ఇంకా పట్టింపు, పసుపు కుంకుమ పూలు కూడా పుట్టింటివే కావాలి. అన్న రాలేని స్థితి అయితే ఆయన నోటితో ఒక మాట చెప్పాలి, నా బదులు ఫలానావాడు పెడతాడని. అప్పుడు దాయాదుల్లో ఎవరైనా పెడతారు. కానీ ఆ మాట అన్న నోటి నుంచి రావాలి. అది ఇంకొకరు చెప్పే మాట కాదు.

జలపాతం చూడాల్సిన రోజు పొద్దున హోటల్లో రొట్టె ముక్కలు తింటున్నాము. బయట బస్సు సిద్ధంగా ఉంది. అంత దూరానికి కూడా జలపాతం హోరు వినిపిస్తోంది, ఊరవతల పొగ నిలబడి కనిపిస్తోంది. నా చేతిలో రొట్టె అలాగే ఉంది, నేను ఆ పొగనే చూస్తున్నాను. ఫోను మోగింది.

"అక్కా, నేను మంజును. ఉద్దనపల్లి మంజు. మామ ఉండాడా?"

"ఉండాడప్పా. ఏమి, గొంతు అట్లుండాది?"

"అమ్మ పోయిందక్కా. పొద్దున వాకిలి ఊడుస్తా ఊడుస్తా పడిపోయింది. ఆస్పత్రికి చేరేలోపలే పోయింది." ఏడుపుల్లోంచి పక్కకు వచ్చి మళ్ళీ అందుకున్నాడు. "ఫ్రీజరు పెట్టె తెప్పించినాము. రెండు దినాలైనా ఉంచుతాము. మామ వచ్చి కోక పెట్టాల. ఒకవేళ వచ్చేకి కాదంటే, ఆయన ఎవరి పేరు చెప్తే వాళ్ళ చేత పెట్టిస్తాము. మామ మాట ఎట్లంటే అట్ల. అడిగి చెప్పక్కా."

అడిగి చేస్తానన్నాను. లేచాను. ఇది నిజం, నమ్మండి, చెప్పాలనే లేచాను. అద్దాల తలుపు దాకా పోయాను. తలుపు అవతల నారాయణప్ప పసుపుపచ్చ రెయిన్‌కోటు తలకు తొడుక్కోబోయి చేతి సందులో తల ఇరికించుకున్నాడు. చుట్టూ ఉన్న మనవాళ్ళంతా నవ్వుతున్నారు. ఆయన కూడా లోపల్నుంచి నవ్వుతున్నాడు, కోటు ఊగుతోంది.

తలుపు మీద చెయ్యి వేశాను. తొయ్యలేదు.

ఆ నిమిషంలో నేను ఏం ఆలోచించాను? ఇన్నేళ్ళుగా నాకు నేను రకరకాలుగా చెప్పుకున్నాను. పెద్దాయన గుండె ఆగిపోతుందేమోనని భయపడ్డానని ఒకసారి. పదిమంది ఆశ పాడవుతుందని ఒకసారి. సాయంత్రం మెల్లగా చెబుదామనుకున్నానని ఇంకోసారి. అన్నీ తర్వాత అతికించుకున్నవే. అసలు సంగతి ఇది. నారాయణప్పకు ఇంగ్లీషు రాదు, విమానాశ్రయంలో ఎటు పోవాలో తెలియదు. ఆయన వెనక్కి బయలుదేరితే ఎవరో ఒకరు తోడు పోవాలి. ఫోను నా దగ్గరుంది, నాలుగు ఇంగ్లీషు ముక్కలు నాకే వచ్చు, చెల్లెల్ని కూడా నేనే. కాబట్టి తోడు పోవలసింది నేను. మిగతా అందరూ జలపాతం చూస్తారు. నేను ఆ పొగను ఇంత దూరం నుంచి చూసి వెళ్ళిపోవాలి. జన్మలో మళ్ళీ వస్తానా? ఇంతే ఆలోచించాను. గౌరమ్మ నా కళ్ళ ముందు మెదలను కూడా మెదల్లేదు.

మంజుకు నేనే తిరిగి ఫోను చేశాను.

"మామ ఏమన్నాడక్కా?"

"ఆగొద్దన్నాడప్పా."

"ఆగొద్దన్నాడా?"

"ఈడి నుంచి వచ్చేకి శానా టైము పడుతుందంట. ఎండాకాలం, అంతసేపు పెట్టుకోవద్దన్నాడు. దాయాదుల్లో ఎవరి చేతనన్నా కోక పెట్టించి మట్టి చేసేయమన్నాడు."

"ఒక్క మాట మాట్లాడించక్కా. ఒకే ఒక్క మాట."

"బస్సెక్కేసినాడప్పా. ఈడ సిగ్నలు సరిగ్గా లేదు."

"సరేలే అక్కా" అన్నాడు మంజు. ఆ "సరేలే" ఇప్పటికీ నా చెవిలోనే ఉంది. అప్పటికి నారాయణప్ప తల కోటులోంచి బయటికి వచ్చింది. అద్దంలోంచి నన్ను చూసి, తొందరగా రమ్మని చెయ్యి ఊపాడు.

పోయాను. జలపాతం చూశాను.

బాగుంది. ఈ మాట రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ దాచడానికి కాదు కదా కూర్చున్నది. అంత బాగుంటుందని నేను అనుకోలేదు. నీళ్ళు కింద పడడం కాదు, కింద నుంచి వాన పైకి కురవడం చూశాను. ఒక వంతెన మీద నడుస్తుంటే ముఖం మీద నీళ్ళు చరుస్తున్నాయి, కళ్ళు తెరవలేం, మూయబుద్ధి కాదు. హోరుకు గుండెలు అదురుతున్నాయి. పక్కవాళ్ళు అరిచేది వినిపించదు. కాళ్ళ కింద ఇంద్రధనుస్సు గుండ్రంగా ఉంది. నేను అరిచాను, చిన్నపిల్లలా గెంతాను. కొంతసేపు, నిజం చెబుతున్నాను, గౌరమ్మ సంగతి పూర్తిగా మరిచిపోయాను. నన్ను నేను క్షమించుకోలేనిది ఆ మరుపునే. అబద్ధం చెప్పినవాళ్ళకు కనీసం కూడు రుచించకూడదు కదా? నాకు రుచించింది.

ఆ మరుపులోనే ఫోటో తీశాను. నారాయణప్ప పసుపుపచ్చ కోటులో రెండు చేతులూ పైకెత్తి నోరంతా తెరిచి నవ్వుతున్నాడు, వెనక నీళ్ళు. నేనే తీశాను. నేనే రైతుల వాట్సాప్ గ్రూపులో పెట్టాను. ఉద్దనపల్లి వైపు రైతులు కూడా ఆ గ్రూపులో ఉన్నారని ఒక్క క్షణం తట్టి ఉంటే! తట్టలేదు. వాళ్ళు ఇక్కడ గౌరమ్మను మట్టి చేస్తున్న పూటకే ఆ ఫోటో ఊరంతా తిరిగింది.

తిరిగి వచ్చేటప్పుడు దారి పక్కన ఏటి గట్టున నారాయణప్ప ఆగాడు. చేతిలో ఖాళీ నీళ్ళ సీసా. వంగి నింపుకుంటున్నాడు. ఎందుకన్నా అన్నాను.

"గౌరికి. అది యాడికీ రాలేదు కదమ్మా, పాపం. ఈ నీళ్ళు నెత్తిన చల్లుకుంటే చూసినట్టే" అన్నాడు.

నేను సీసా మూత పట్టుకుని నిలబడ్డాను. అప్పుడైనా చెప్పి ఉండాల్సింది. ఆయన మూత కోసం చెయ్యి చాచాడు, ఇచ్చాను.

సాయంత్రం హోటలుకు వచ్చాక చెప్పాను. ఇప్పుడే ఫోను వచ్చిందన్నాను. గౌరమ్మ పోయిందంట, మట్టి కూడా చేసేసినారంట అన్నాను. ఆయన ఏడవలేదు. "నేను కోక పెట్టకముందే ఎత్తేసినారా?" అని అడిగాడు. మళ్ళీ అదే అడిగాడు. నేను తల ఊపాను. నా ఫోను తీసుకుని మంజుకు చేయమన్నాడు. చేశాను. ఇద్దరమూ వింటూ కూర్చున్నాము. మోగింది, మోగింది, ఆగిపోయింది. మళ్ళీ చేశాను. ఎవరూ ఎత్తలేదు. ఎత్తకూడదని నేను లోపల దేవుళ్ళందరికీ మొక్కుతున్నాను. ఎత్తలేదు. దేవుళ్ళు ఇలాంటి మొక్కులు కూడా వింటారా? ఆ మోత అప్పుడు పట్టుకుంది నన్ను, ఇప్పటిదాకా వదల్లేదు.

ఆ మధ్యాహ్నం విమానం ఎక్కి ఉంటే మర్నాడు రాత్రికి ఇల్లు చేరేవాళ్ళమని గైడు లెక్క చెప్పాడు. అడగకుండా ఉంటే బాగుండేది. అడిగాను.

ఇండియాకు వచ్చాక నారాయణప్ప హోసూరులో కోక కొన్నాడు. ఆకుపచ్చది, ఎర్రంచు. పదకొండో రోజున దాన్నీ, నీళ్ళ సీసానీ సంచిలో పెట్టుకుని ఉద్దనపల్లి పోయాడు. చనువున్నదాన్ని కదా, నన్నూ రమ్మన్నాడు. ఒళ్ళు బాగాలేదని ఎగ్గొట్టాను. అక్కడ జరిగింది ఆయన భార్య చెప్పింది. మంజు వాకిట్లోనే నిలబడి, "జలపాతం బాగుండెనా మామా?" అన్నాడంట. అంతే, ఇంకేమీ అనలేదు. పవిత్ర లోపలికి పోయి తలుపు వేసుకుందంట. ఈయనకు పౌరుషం. చెల్లెల్ని తన కోసం ఒక్క దినం ఆపనివాళ్ళు తనను ఎగతాళి చేస్తారా అని సంచి తీసుకుని వెనక్కి తిరిగాడు. వాళ్ళదీ అదే రక్తం. చెల్లెలు పోయిందని తెలిసీ నీళ్ళలో ఆడుకున్నవాడి కోక మాకెందుకని వాళ్ళు. ఇద్దరిలో ఎవరైనా నోరు తెరిచి గట్టిగా పోట్లాడుకుని ఉంటే నిజం అక్కడే బయటపడేది. పోట్లాడుకోలేదు. పరువు గలవాళ్ళు. నా అబద్ధాన్ని కాపాడింది వాళ్ళ పరువే.

కొన్నాళ్ళకు గాలి మాట ఇటు చేరింది. ఒకరోజు నారాయణప్ప కంచె సందులోంచి వచ్చాడు. ముఖం నల్లబడి ఉంది. "నేనే ఆగొద్దన్నానని చెప్పుకుంటా ఉండారంటమ్మా వాళ్ళు. ఫోనులో నీతో ఏమన్నా అట్ల అనినారా?" అని అడిగాడు.

తేలు కుట్టిన దొంగకు నోరు పెగులుతుందా? అయినా పెగిలింది. "లేదన్నా" అన్నాను.

"అదే అనుకుంటి. తప్పు చేసింది కాక నా మీద వేస్తా ఉండారు" అని మజ్జిగ తాగి పోయాడు. నేనిచ్చిన మజ్జిగే. ఆ రోజు నుంచి నేను ఒకసారి అబద్ధం చెప్పినదాన్ని కాదు, అబద్ధంలో కాపరం చేసేదాన్ని.

పవిత్ర పెళ్ళి హోసూరులో మంటపంలో జరిగింది. నన్ను పిలిచారు. నన్ను! మేనమామను పిలవలేదు. మేనమామ చెయ్యి పట్టుకుని పిల్లను పందిట్లోకి తేవాలి మా వైపు. ఎవరో దూరపు మనిషిని ఆ స్థానంలో నిలబెట్టారు. మంజు నాకు ఎదురొచ్చి, పక్కకు తీసుకుపోయి, "అక్కా, ఆ దినం నువ్వు ఉన్నది ఉన్నట్టు చెప్పినావు కాబట్టి మామ ఎట్లాంటోడో తెలిసింది. వేరేవాళ్ళయితే దాచుంటారు" అన్నాడు. నా చేతిలో తాంబూలం పెట్టాడు. పంక్తిలో కూర్చుని హోళిగ, అదే బొబ్బట్టు, తిన్నాను. రెండోది వేస్తే వద్దనలేదు. ఎందుకు వద్దనలేదు? వద్దంటే ముఖం చూస్తారని.

బయటికి వచ్చి రోడ్డు దాటుతుంటే ఎదురుగా బస్టాపులో నారాయణప్ప కూర్చుని ఉన్నాడు. ఇస్త్రీ పంచ, ఒళ్ళో సంచి. నన్ను చూసి లేవబోయి కూర్చున్నాడు. నేను పారిపోదామనుకున్నాను, ఆయనే పిలిచాడు.

"పాప ఎట్లుండాదమ్మా? ఏ రంగు కోక కట్టుకునింది?"

"ఎర్రదన్నా."

"ఎర్రదే బాగుంటుంది దానికి" అన్నాడు. లోపల నాదస్వరం వినిపిస్తోంది. తాళి కట్టే మేళం గట్టిగా మోగినప్పుడు ఆయన ఈ రోడ్డు ఇవతల నుంచి అక్షింతలు వేసి ఉంటాడా? అడగలేదు. ఇద్దరం ఒకే బస్సులో ఇంటికి వచ్చాము. నా టికెట్టు కూడా ఆయనే తీసుకున్నాడు.

ఇలా గడిచిపోయేదేమో. మనిషి దేనికైనా అలవాటు పడతాడు. మొన్నామధ్య ఆ ఏజెంటు మళ్ళీ వచ్చాడు. ఇంకో దేశం, ఇంకో జలపాతమంట. నారాయణప్ప షెడ్డులో అందరమూ కూర్చుని ఉన్నాము. ఈ వయసులో నేను రాలేనన్నాడు ఆయన. తర్వాత నా వైపు చూపించి, నవ్వుతూ, "ఈయమ్మను పిలుచుకొని పోండి. ఫోను బాగా చూసుకుంటుంది" అన్నాడు.

ఎగతాళి కాదు. మనసారా అన్నాడు. అందరూ నవ్వారు. గుమ్మడికాయ దొంగంటే భుజాలు తడుముకున్నట్టు నేను ఉలిక్కిపడ్డాను. ఎవరూ చూడలేదు. నన్ను అనుమానించి ఉంటే తట్టుకునేదాన్నేమో. ఆ నమ్మకాన్ని మాత్రం మోయలేకపోయాను. అందరూ పోయేదాకా అక్కడే కూర్చున్నాను. ఆయన గులాబీ కట్టలకు రబ్బరు బ్యాండ్లు వేస్తున్నాడు.

"అన్నా, ఆ దినం ఆగొద్దన్నది నేను" అన్నాను.

ఆయనకు అర్థం కాలేదు. మొదటి నుంచీ చెప్పాను. రొట్టె, అద్దాల తలుపు, కోటులో ఇరుక్కున్న తల, మంజు మాటలు, నా మాటలు, ఏదీ వదల్లేదు. చెప్తూ చెప్తూ ఆయన ముఖం చూడలేక ఆయన చేతులు చూశాను. కట్ట చేతిలోనే ఉంది. మెల్లగా కింద పెట్టాడు.

కొడతాడనుకున్నాను. శాపనార్థాలు పెడతాడనుకున్నాను. దానికి సిద్ధపడే నోరు విప్పాను. ఆయన అడిగింది వేరు.

"పెట్టె తెప్పించినారా?"

"తెప్పించినారన్నా."

"ఎన్ని దినాలు ఉంచుతామన్నారు?"

"రెండు దినాలైనా ఉంచుతాము, మామ వచ్చి కోక పెట్టాల అన్నాడు మంజు."

"నా కోసరం ఉంచుతామన్నారా" అన్నాడు. నన్ను అడగలేదు, తనకు తాను చెప్పుకున్నాడు. "ఉంచుతామన్నారంట. నా కోసరమే ఉంచుతామన్నారంట." అప్పుడు ఏడ్చాడు. జాంబియాలో ఏడవనిది, బస్టాపులో ఏడవనిది, అంతా కలిపి ఆ పూల మధ్య కూర్చుని ఏడ్చాడు. నేను ఒక అడుగు ముందుకు వేశాను. ఆయన తలెత్తలేదు. "పో" అన్నాడు. ఒక్కటే మాట. వచ్చేశాను.

మర్నాడు పొద్దున ఆయన సంచి పట్టుకుని బస్సెక్కడం పాలీహౌసు షీటు చాటు నుంచి చూశాను. ఆకుపచ్చ కోక మడత సంచిలోంచి కనిపిస్తోంది. నీళ్ళ సీసా కూడా ఉండే ఉంటుంది. ఉద్దనపల్లిలో ఏం జరిగిందో నాకు తెలియదు. అడిగే అర్హత లేదు. వాళ్ళు తీసుకున్నారో, పెట్టవలసిన మనిషి మట్టిలో ఉండగా ఆ కోక ఎవరి మీద కప్పారో, నాకు ఎవరూ చెప్పరు. మధ్యాహ్నం మాత్రం నా ఫోను మోగింది. మంజు.

"నిజమేనా అక్కా?"

"నిజమేనప్పా."

వాడు ఇంకేమన్నా అంటాడని ఆగాను. పెట్టేశాడు. అక్కా అని వాడు నన్ను పిలవడం అదే ఆఖరు అనుకుంటాను.

సాయంత్రానికి కంచె సందులో ముళ్ళ కంప అడ్డం పడింది. మా ఆయన ఎందుకని అడిగాడు. ఆయనకూ చెప్పాను. బెంగుళూరుకు ఫోను చేసి నా కూతురికీ చెప్పాను. అంతా విని అది, "ఆ సిమ్ము నేనే వేయించాను కదమ్మా" అంది.

తప్పు ఒప్పుకుంటే తప్పు పోతుందని పెద్దలు అంటారు. పోలేదు. గౌరమ్మ అన్న చేతి కోక లేకుండానే పోయింది, అది ఏ మాటతో తిరిగి వస్తుంది? పవిత్ర పెళ్ళి మళ్ళీ జరుగుతుందా? నారాయణప్ప నా ముఖం చూడడం లేదు. చూడాలని నేను కోరుకోవడం లేదు. ఆయన తోట ముందు నుంచి కాకుండా, మా తోటకు చుట్టు తిరిగి రోడ్డు మీద పోతున్నాను. ఒక్కటి మాత్రం ఉంది, చెబితే మీరు నవ్వుతారు. వాళ్ళ చుట్టాలు, వీళ్ళ చుట్టాలు, ఎవరెవరో నంబరు పట్టుకుని నన్ను తిట్టడానికి ఫోను చేస్తున్నారు. ఒక్కటి కూడా వదలకుండా ఎత్తుతున్నాను. వాళ్ళు తిట్టినంతసేపూ వింటున్నాను. పెట్టేశాక ఊపిరి మామూలుగానే ఆడుతోంది.

ఇదిగో, మళ్ళీ మోగుతోంది. ఎత్తాలి.